గోదావరి డెల్టాలో స్కూటరు ప్రస్థానం – ఒక వైద్యుని పరిశీలన



బండి కొనేముందు నన్ను సలహా అడిగేవారు రెండు రకాలు. కొడుకు ఇంజనీరింగు కళాశాలలో చేరగానే పెద్ద మోటారు సైకిలు కావాలని పట్టుబడితే ఏం చేయాలో తోచని తల్లిదండ్రులు ఒకరు. అరవై దాటి, పాత బండిని స్టాండు వేయడానికి కూడా నడుము సహకరించని పెద్దలు మరొకరు. ఇది వైద్యుణ్ణి అడగవలసిన ప్రశ్నేనా అని కొందరికి అనిపించవచ్చు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల వల్ల 1,68,491 మంది మరణించారు. వారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవారే. అనేక అంటువ్యాధులకు తీసిపోని సంఖ్య ఇది. కనుక వైద్యుణ్ణే అడగాలి. అయితే జవాబు చెప్పేముందు స్కూటరు అనే యంత్రం ఎందుకు పుట్టిందో, మన డెల్టాకు ఏ దారిన వచ్చిందో కొంత చెప్పుకోవాలి. ఆ చరిత్రలోనే జవాబు చాలావరకు ఉంది.

స్కూటరుకు నేటి రూపాన్ని ఇచ్చినవాడికి మోటారు సైకిళ్లంటే గిట్టదు. ఆయన పేరు కొర్రదీనో దస్కానియో. ఇటలీ దేశస్థుడు, విమాన ఇంజనీరు, హెలికాప్టరు నిర్మాణంలో తొలి తరం ప్రయోగశీలి. రెండవ ప్రపంచ యుద్ధంలో పియాజియో సంస్థవారి విమాన కర్మాగారం బాంబుల దెబ్బకు నేలమట్టమైంది. యుద్ధం ముగిసేసరికి విమానాలు కట్టే అవకాశం లేదు, దేశంలో రోడ్లన్నీ చితికిపోయి ఉన్నాయి, జనం చేతిలో డబ్బు లేదు. సామాన్యుడికి అందే వాహనం ఒకటి తయారుచేయాలని యజమాని ఎన్రికో పియాజియో సంకల్పించాడు. సంస్థలో అప్పటికే తయారైన నమూనా ఆయనకు నచ్చలేదు. ఆ పని దస్కానియో చేతికి వచ్చింది.

మోటారు సైకిలు మీద ఈయనకున్న అభ్యంతరాలు చూడండి. కాలు ఎత్తి అవతలికి వేసి ఎక్కాలి. గొలుసు నూనె బట్టలకు అంటుతుంది. ఇంజను వేడి కాళ్ల మధ్యనే ఉంటుంది. టైరు పంక్చరైతే మార్చడం తలనొప్పి. ఒక్కొక్కదానికీ ఆయన విరుగుడు ఆలోచించాడు. గొలుసు తీసేసి ఇంజనును వెనుక చక్రం పక్కనే రేకు తొడుగు కింద దాచాడు. ముందు చక్రాన్ని విమానం చక్రంలాగా ఒక పక్కనుంచే పట్టి ఉంచి, సులువుగా ఊడదీయగలిగేలా చేశాడు. గేరును చేతికి తెచ్చాడు. కాళ్లకు చదునైన పలక, బురద తగలకుండా ముందు ఒక కవచం పెట్టాడు. 1946 ఏప్రిల్‌లో పేటెంటు దాఖలైంది. 98 సీసీ ఇంజను, గంటకు 60 కిలోమీటర్లకు మించని వేగం. సన్నని నడుమును, గుయ్యిమనే చప్పుడును బట్టి దానికి కందిరీగ అనే అర్థంలో వెస్పా అని పేరు పెట్టారు. మరుసటి సంవత్సరం ఇటలీలోనే ఇన్నొసెంటి సంస్థ లాంబ్రెట్టాను తెచ్చింది.

ఒక్క మాట గమనించండి. దస్కానియో వేగం కోసం గాని, దర్పం కోసం గాని పని చేయలేదు. బండి నడపడం ఇష్టం లేనివాడు కూడా ఇబ్బంది లేకుండా నడపగలగాలి అన్నదే ఆయన లెక్క. స్కూటరులోని సుగుణాలన్నీ ఆ లెక్కలోంచి వచ్చినవే. లోపాలు కూడా అక్కడినుంచే వచ్చాయని ముందు ముందు చూస్తాం.

మన దేశంలో 1950లలో బొంబాయిలో ఏపీఐ సంస్థ లాంబ్రెట్టాలను కూర్చి అమ్మింది. పియాజియోతో ఒప్పందం చేసుకొని బజాజ్ వారు 1960లలో వెస్పాలను తయారుచేశారు. 1971లో ఆ ఒప్పందం ముగిసింది. మరుసటి ఏడు రాణా ప్రతాపుని గుర్రం పేరుతో చేతక్ వచ్చింది. అదే 1972లో లక్నోలో ప్రభుత్వ రంగంలో స్కూటర్స్ ఇండియా ఏర్పడి, ఇటలీలో మూతపడిన లాంబ్రెట్టా యంత్రసామగ్రిని కొని తెచ్చుకుంది. ఆ సంస్థ సామగ్రితో వేర్వేరు రాష్ట్రాలలో వేర్వేరు పేర్లతో బండ్లు వచ్చాయి. మన రాష్ట్రంలో ఆల్విన్ వారి పుష్పక్ అలా వచ్చినదే. విమాన ఇంజనీరు సృష్టించిన వాహన జాతికి మనవాళ్లు పుష్పక విమానం పేరు పెట్టడం తెలిసి చేసినా తెలియక చేసినా ముచ్చటైన సంగతే.

లైసెన్సుల కాలం అది. డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. బజాజ్ బండికి పదేళ్లు ఆగినవారున్నారు. పేరు వచ్చిన కాగితాన్ని లాభానికి అమ్ముకున్నవారూ ఉన్నారు. మన జిల్లాల్లో పెళ్లి మాటల్లో వాచీ, రేడియోల సరసన స్కూటరు కూడా చేరింది. కట్నం కింద వచ్చిన చేతక్ మీద కొత్త పెళ్లికూతుర్ని పక్కకు తిప్పి కూర్చోబెట్టుకుని వెళ్లడాన్ని గొప్పగా చెప్పుకున్న కాలం. కట్నాన్ని నేను సమర్థించడం లేదు, జరిగినది చెబుతున్నాను.

ఇక మన డెల్టా సంగతి. చిన్న చక్రాల బండికి ఈ నేల మొదట అనుకూలించలేదు. పల్లెల్లో దారి అంటే కాలవ గట్టు, ఏటిగట్టు, లేదా పుంత. వాన పడితే బంకమట్టి చక్రానికి చుట్టుకుని మడ్‌గార్డు కింద బిగుసుకుంటుంది. స్కూటరు చక్రం ఎనిమిది, పది అంగుళాలు. బుల్లెట్టు చక్రం పంతొమ్మిది అంగుళాలు. అందుకే పల్లెటూళ్లలో మోతుబరుల ఇళ్ల ముందు బుల్లెట్టు, జావా, రాజ్‌దూత్‌లు కనిపిస్తే, స్కూటర్లు పట్టణాల్లో వకీళ్ల, బ్యాంకు ఉద్యోగుల, అధ్యాపకుల, వైద్యుల ఇళ్ల ముందు కనిపించేవి. రాజమహేంద్రవరం దగ్గర గోదావరి దాటాలంటే 1974లో రోడ్డు–రైలు వంతెన వచ్చేదాకా రైలు గాని పడవ గాని తప్ప గతి లేదు. హేవలాక్ వంతెన రైళ్లకే పరిమితం. 1974 తర్వాత కొవ్వూరు ఉద్యోగి స్కూటరు మీద రాజమహేంద్రవరం వచ్చి సాయంత్రానికి ఇల్లు చేరగలిగాడు. ధవళేశ్వరంలో కాటన్ దొర కట్టించిన పాత ఆనకట్ట స్థానంలో 1982 నాటికి కొత్త బ్యారేజీ, దానిమీద రోడ్డు వచ్చాయి. యానాం–ఎదుర్లంక వంతెన 2002లో తెరిచారు. కోనసీమకు స్కూటరు వంతెన వెంట వంతెనగా వచ్చిందని నేనంటాను. వంతెన లేనిచోట పంటు మీద వచ్చింది. నరసాపురం–సఖినేటిపల్లి రేవులో నేటికీ పంటు ఎక్కే బండ్లను చూడవచ్చు. బురద రేవులో, వాలు పలక మీదుగా బరువైన మోటారు సైకిలును ఎక్కించేవాడి అవస్థ చూస్తే తేలిక బండి విలువ తెలుస్తుంది. బుల్లెట్టు 190 కిలోల పైమాట. ఆక్టివా 110 కిలోల లోపు.

రోడ్లు బాగుపడ్డాక స్కూటరుకు మన వేషమే పెద్ద అండ అయింది. పంచె కట్టిన రైతు మోటారు సైకిలు ఎక్కాలంటే పంచె పైకి దోపుకోవాలి. స్కూటరైతే కుర్చీలో కూర్చున్నట్టు కూర్చోవచ్చు. పలక మీద బియ్యం బస్తా, గ్యాసు బండ, అరటి గెల, కొబ్బరికాయల మూట, ఏదైనా పెట్టుకోవచ్చు. వెనక స్టెప్నీ చక్రం ఉంటుంది గనక దారిలో పంక్చరైనా భయం లేదు. స్టార్టు కాకపోతే పక్కకు వంచి మళ్లీ కిక్కు కొట్టడం ఆ తరం అందరికీ తెలిసిన చికిత్స. 1980లో వచ్చిన టీవీఎస్ 50, దాని తర్వాతి ఎక్సెల్ బండ్లు స్కూటరు కాకపోయినా ఆ కుటుంబానికి దగ్గరి చుట్టాలే. చేపల గంపలు, పాల క్యాన్లు, బట్టల మూటలు మోసి పల్లెల్లో అవి చేసినంత సేవ మరే వాహనమూ చేయలేదు.

1985లో హీరో హోండా సీడీ 100 వచ్చింది. తక్కువ పెట్రోలుతో ఎక్కువ దూరం నడిచే అలాంటి బండ్ల ముందు గేర్ల స్కూటరు క్రమంగా నిలవలేకపోయింది. తొంభైల చివరికి మోటారు సైకిళ్లే మిన్న అయ్యాయి. 2000ల మధ్యలో చేతక్ తయారీ ఆగిపోయింది. స్కూటరు కథ ముగిసిందనుకున్నారు. దాన్ని మళ్లీ బతికించినది స్త్రీలు. 1984లో వచ్చిన కైనెటిక్ హోండాకు గేర్లు లేవు, కిక్కు కొట్టే పని లేదు. తొంభైలలో టీవీఎస్ స్కూటీ, 2001లో హోండా ఆక్టివా వచ్చాయి. అమలాపురం, భీమవరం, తణుకులలో ఉపాధ్యాయినులు, నర్సులు, కళాశాల బాలికలు అన్నో నాన్నో తీసుకువెళ్లాలని ఎదురుచూడకుండా బయలుదేరడం ఈ బండ్లతోనే పెరిగింది. గ్రామాల్లో పనిచేసే ఆరోగ్య కార్యకర్తలకు ఇది ఎంత మేలు చేసిందో నా వృత్తి రీత్యా నాకు బాగా తెలుసు. బస్సు కోసం పూట ఖర్చయ్యే చోట ఆ పూట రోగులకు మిగిలింది.

ఇప్పుడు వైద్యుడిగా చెప్పవలసినవి. మోటారు సైకిలు సైలెన్సరు తగిలి పిక్క మీద కాలిన గాయాలు పిల్లల్లోను, వెనక కూర్చునే స్త్రీలలోను సర్వసాధారణం. స్కూటరులో ఆ వేడి భాగం చాలావరకు తొడుగు చాటున ఉంటుంది గనక ఆ బెడద తక్కువ. చీర కుచ్చెళ్లు చక్రంలో పడే ప్రమాదమూ తక్కువే. మోటారు సైకిలుకు వెనుక చక్రంలో కనీసం సగం కప్పే రక్షణ ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 123వ నియమం చెబుతోంది. బండి కొన్నాక అందం చెడుతుందని దాన్ని ఊడదీయించే కుర్రవాళ్లను ఇంట్లో పెద్దలు ఆపాలి. ఏ బండి అయినా చున్నీ విషయంలో ఏమరుపాటు పనికిరాదు. 1927లో ఫ్రాన్సులోని నీస్ నగరంలో ప్రఖ్యాత నర్తకి ఇసడోరా డంకన్ మెడలోని పొడవాటి వస్త్రం కారు చక్రంలో చుట్టుకుని మరణించింది. చున్నీ చక్రంలో పడితే మెడ నరాలకు, శ్వాసనాళానికి, వెన్నుపూసలకు జరిగే హాని అదే విధంగా ఉంటుంది. చున్నీని వెనక్కి వదలకుండా నడుముకు ముడి వేసుకోవాలి.

లోపాల సంగతి చూద్దాం. చిన్న చక్రం గోతిలో లోతుగా దిగుతుంది. పెద్ద చక్రం దాటిపోయే గుంట దగ్గర స్కూటరు ముందు చక్రం తిరిగిపోయి మనిషి పడతాడు. కాబట్టి గుంటల రోడ్డు మీద, రాత్రివేళ, వాన నీరు నిలిచినచోట స్కూటరు మోటారు సైకిలు కంటే క్షేమం అనుకోకండి. దాని క్షేమమంతా నెమ్మదిలోనే ఉంది. వేగం 40 నుంచి 60కి పెరిగితే ఢీకొన్నప్పటి శక్తి ఒకటిన్నర రెట్లు కాదు, రెండుంపావు రెట్లు అవుతుంది. పెద్ద మోటారు సైకిలు కొన్న కుర్రవాడు ఆ వేగాన్ని క్షణాల్లో అందుకుంటాడు. స్కూటరుకు సమయం పడుతుంది. ఆ వ్యవధిలో కాస్త ఆలోచన కూడా పుట్టవచ్చునని నా ఆశ.

అయితే నెమ్మదైన బండి గనక హెల్మెట్ అక్కర్లేదన్న భ్రమ మన ఊళ్లలో బలంగా ఉంది. కూరగాయల బజారుకేగా, గుడికేగా అంటారు. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్లి తల గోడకు తగిలితే, అది సుమారు ఆరు మీటర్ల ఎత్తు నుంచి, అంటే రెండంతస్తుల డాబా మీదనుంచి పడ్డ దానితో సమానం. ఆ ఎత్తు నుంచి ఎవరైనా దూకుతారా?

హెల్మెట్ చరిత్రలో ఒక వైద్యుడున్నాడు. 1935లో అరేబియా లారెన్స్‌గా పేరుపొందిన టి.ఇ. లారెన్స్ పెద్ద మోటారు సైకిలు మీదనుంచి పడి ఆరు రోజుల తర్వాత మరణించాడు. ఆయనకు వైద్యం చేసినవారిలో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు శస్త్రవైద్యుడు ఒకరు. ఆ మరణం ఆయనను వదలలేదు. మోటారు సైకిలు ప్రమాదాల్లో తల గాయాల మీద 1941లో ఆయన ప్రచురించిన వ్యాసం ఫలితంగా బ్రిటిష్ సైన్యం తన మోటారు సైకిలు చోదకులకు హెల్మెట్ తప్పనిసరి చేసింది. అక్కడి పౌరులకు చట్టం రావడానికి 1973 దాకా పట్టింది. మన దేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టం, 129వ సెక్షను. హెల్మెట్ వల్ల మరణం ముప్పు 42 శాతం, తల గాయాల ముప్పు 69 శాతం తగ్గుతాయని 2008 నాటి కోక్రేన్ సమీక్ష తేల్చింది. ఆ మేలు స్కూటరు నడిపేవారికి, వెనక కూర్చునే ఇల్లాలికి కూడా వర్తిస్తుంది. గడ్డం కింద పట్టీ బిగించకపోతే మాత్రం హెల్మెట్ తలకంటే ముందే ఎగిరిపోతుంది.

స్కూటరు పలక మీద బిడ్డను ముందు నిలబెట్టుకుని వెళ్లడం మన ఆచారంగా మారింది. సడన్ బ్రేకు పడితే ఆ బిడ్డ గడ్డం, పళ్లు నేరుగా హ్యాండిలుకు తగులుతాయి. తండ్రి బరువు వెనకనుంచి పడుతుంది. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల వయసు పిల్లలకు నడిపేవారికి కట్టే రక్షణ పట్టీ, హెల్మెట్ ఉండాలని, బండి వేగం 40 దాటరాదని 2022లో కేంద్రం నియమం చేసింది. బండి కొనేటప్పుడే ఆ పట్టీ కూడా కొనండి.

కాబట్టి మొదట అడిగిన ఇద్దరికీ నా సమాధానం ఇది. పద్దెనిమిదేళ్ల కుర్రవాడికి మొదటి బండిగా స్కూటరే ఇప్పించండి. పద్దెనిమిది నిండనివాడికి ఏదీ ఇవ్వకండి. ఇస్తే జరిమానా 25,000 రూపాయలు, జైలు కూడా తల్లిదండ్రులకే. అరవై దాటినవారు కూర్చున్నచోటునుంచి రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనే బండిని ఎంచుకోండి. దుకాణంలోనే ఎక్కి దిగి చూడండి. మెడ అటూ ఇటూ తిప్పలేనివారు, చూపు మందగించినవారు రాత్రిపూట ఏ బండీ నడపరాదు. పెద్దవయసులో ఆగి ఉన్న స్కూటరు పక్కకు ఒరిగి పడినా తలకు దెబ్బ తగలవచ్చు. రక్తం పలచబడే మందులు వాడేవారిలో మెదడు పొరల కింద రక్తం మెల్లగా చేరి, రెండు మూడు వారాల తర్వాత తలనొప్పి, మగత, నడకలో తూలు, మతిమరుపుగా బయటపడుతుంది. ఇంట్లోవాళ్లు వయసు మీదపడిందనుకుంటారు. అలాంటప్పుడు పడిన సంగతి వైద్యునికి చెప్పి, తలకు సీటీ స్కాన్ చేయించండి. సకాలంలో గుర్తిస్తే దీన్ని చాలామందిలో పూర్తిగా నయం చేయవచ్చు.