చిన్న తెరపై తెలుగు

గది వేడిమినో, నీటితొట్టి మట్టమునో తెలుపు చిన్న యంత్రమును మైక్రోకంట్రోలరుతో కూర్చుకొను ఔత్సాహికులు మా శ్రోతలలో కలరు. అంకెలు చూపు ఆ చిన్న తెరకు పెద్ద చరిత్రయే కలదు.

1888లో ప్రాగ్ నగరమున వృక్షశాస్త్రజ్ఞుడు రైనిట్జర్ కాచిన కొలెస్టరిల్ బెంజోయేటు 145.5 డిగ్రీల వద్ద కరిగియు మసకగానే నిలిచెను, 178.5 డిగ్రీలకుగాని తేటపడలేదు. ద్రవస్ఫటికము తెలియవచ్చినది ఇట్లు. 80 ఏండ్లకు, 1968లో, అమెరికాలోని ఆర్.సి.ఎ. సంస్థ దానితో తెరను చేసి చూపెను.

1980ల దశకమున హిటాచీ వారి హెచ్.డి.44780 చిప్పు, 16 అక్షరముల వరుసలు రెండు గల తెరను సులభసాధ్యము చేసెను. సమాచారమును నాలుగేసి బిట్లుగా పంపినచో, విద్యుత్తు తీగలు గాక, ఆరు తీగలు చాలును. ఫిలిప్స్ సంస్థ 1982లో రూపొందించిన ఐ-టు-సి పద్ధతిలో రెండే చాలును.

అయితే ఆ చిప్పులో ఆంగ్లము, జపాను లిపి కలవు, తెలుగు లేదు. మనము గీసికొనుటకు ఎనిమిది గుర్తులకే చోటు; ఒక్కొక్కటి 5 అడ్డు, 8 నిలువు చుక్కలు. 'స్త్రీ' అను అక్షరము అందులో ఇముడునా?

అందుచే తెలుగు కోరువారికి 128 అడ్డు, 64 నిలువు చుక్కల ఓలెడ్ తెర మేలని మా అభిప్రాయము. అందు ప్రతి చుక్కయు మన అదుపులోనిదే. తెర నిండిన చిత్రమునకు 1,024 బైట్లు కావలెను. 2010 నాటి ఆర్డ్యూయినో ఊనో తాత్కాలిక స్మృతి 2,048 బైట్లే. కనుక అక్షర రూపములను శాశ్వత స్మృతిలో దాచవలెను. కలుపుటకు ముందు తెర ఎన్ని వోల్టులకు తగినదో చూచుకొనవలెను. తయారుచేసినవారు మన లిపికి చోటుంచకున్నను, చుక్క చుక్కగా ఆ చోటును మనమే కల్పించుకొనవచ్చును.