తాళాలేసిన కొండ ఊళ్లు

2012 మార్చి 11, ఆదివారం. మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి స్విట్జర్లాండ్‌లో పోలింగ్ ముగిసింది. ఆ రోజు జనం ముందున్నది ఒక్క ప్రశ్న కాదు. ఉద్యోగులందరికీ ఏడాదికి ఆరు వారాలు జీతంతో సెలవులు ఇవ్వాలా? అక్కర్లేదన్నారు, మూడింట రెండొంతుల మంది! మన దగ్గర అలాంటి ఓటు పెడితే ఏమయ్యేదో చెప్పనక్కర్లేదు. ఉత్కంఠంతా ఇంకో ప్రశ్న మీదే: సెలవులు గడపడానికి కొండల మీద కట్టుకునే రెండో ఇంటికి హద్దు పెట్టాలా, వద్దా?

ఆ ప్రశ్న లేవనెత్తింది 84 ఏళ్ల ఫ్రాంజ్ వెబర్. బాసెల్‌లో పుట్టి, పారిస్‌లో విలేకరిగా పనిచేసిన మనిషి. 1965లో సిల్వాప్లానా సరస్సు ఒడ్డున విడిది పట్టణం లేవబోతోందని తెలిసి పోరుకు దిగారు. ఇక వెనక్కి వెళ్లలేదు. 2012లో ఆయన అడిగింది ఒక్కటే. ఏ ఊళ్లోనైనా మొత్తం ఇళ్లలో రెండో ఇళ్లు నూటికి ఇరవై దాటకూడదు. ఇప్పటికే దాటి ఉంటే కొత్తవి కట్టనివ్వకూడదు.

అక్కడి పంచాయతీని కమ్యూన్ అంటారు. ఏ పొలం పొలంగా ఉండాలో, ఏది ఇళ్ల స్థలం కావాలో ముందుగా గీత గీసేది అదే. చాలాచోట్ల ఊరివాళ్లు ఒక హాల్లో కూర్చుని చేతులెత్తి ఊరి సంగతులు తేలుస్తారు. ఆ కూర్చున్నవాళ్లలో గడ్డినేల అమ్ముకోబోయే రైతు ఉంటాడు. మేస్త్రీ ఉంటాడు, వడ్రంగి ఉంటాడు, ప్లంబరు ఉంటాడు. జ్యూరిచ్ నుంచి ఒక ఆసామి వచ్చి ఇల్లు కట్టుకుంటానంటే ఎవరి చెయ్యి అడ్డంగా లేస్తుంది?

అలా కట్టగా కట్టగా కొన్ని ఊళ్లలో సగానికి పైగా ఇళ్లు రెండో ఇళ్లే అయ్యాయి. మన సినిమా జంటలు మంచులో పాటలు పాడుకునే కొండలే అవి. క్రిస్మస్‌కూ, ఫిబ్రవరి స్కీయింగ్ సెలవులకూ కిటకిట. నవంబర్‌లో వెళ్తే వీధి పొడుగునా చెక్క రెక్కలు బిగించిన కిటికీలు. మురుగు గొట్టాలు, నీటి ట్యాంకులు మాత్రం ఆ నాలుగు వారాల జనానికి సరిపడా వేయాల్సిందే. ‘చల్లని పడకలు’ అని అక్కడివాళ్లే ఈ ఇళ్లకు పేరు పెట్టారు. ఇన్ని ఇళ్లు ఖాళీగా పడి ఉన్న ఊళ్లో హోటల్ వంటవాడికి అద్దె ఇల్లు దొరకదు.

వెబర్ ప్రతిపాదనను తిరస్కరించమని ప్రభుత్వమూ, పార్లమెంటూ ప్రజలకు చెప్పాయి. కొండ ప్రాంతాలు మండిపడ్డాయి. మీ నగరాలు మీరు నిండా కట్టుకుని, మా వాలు మీద ఏం కట్టాలో మీరెలా చెబుతారన్నది వాళ్ల వాదన. అందులో పస లేదనలేం. జెర్మాట్, వెర్బియే వంటి విడిది ఊళ్లున్న వాలే రాష్ట్రంలో దాదాపు నలుగురిలో ముగ్గురు వ్యతిరేకంగా ఓటేశారు.

సాయంత్రానికి లెక్క తేలింది. అనుకూలం 50.6 శాతం. సుమారు 23 లక్షల ఓట్లలో తేడా 29 వేల లోపే. వెబర్ గెలిచారు.

కథ అక్కడితో అయిపోలేదు. 2013 జనవరి 1 నుంచి ఇచ్చే అనుమతులు చెల్లవని ఆ ఓటుతో రాజ్యాంగంలో కొత్తగా చేరిన నిబంధన చెప్పింది. అయితే డిసెంబర్ 31 దాకా ఇచ్చినవి చెల్లుతాయి కదా అని పంచాయతీలు పట్టుకున్నాయి. దరఖాస్తులు పోటెత్తాయి. వెబర్ స్థాపించిన హెల్వెటియా నోస్ట్రా సంస్థ వందలకొద్దీ అభ్యంతరాలు వేసింది. 2013 మే 22న ఫెడరల్ కోర్టు తేల్చేసింది: ఓటు పడిన రోజు నుంచే నిషేధం అమల్లోకి వచ్చినట్టు. హడావిడిగా ఇచ్చిన అనుమతుల్లో అభ్యంతరాలకు చిక్కినవి నిలవలేదు.

పూర్తి చట్టం 2016 జనవరి 1న అమల్లోకి వచ్చింది. అందులో పెద్ద సందు ఒకటుంది. ఓటుకు ముందే ఉన్న ఇళ్లకు ఈ హద్దు వర్తించదు. వాటిని ఎవరైనా కొని విడిదిగా వాడుకోవచ్చు. దాంతో ఊరివాళ్లు కాపురమున్న పాత ఇళ్ల మీద డబ్బున్నవాళ్ల కన్ను పడింది. నా మటుకు నాకు వెబర్ కొండ వాలును కాపాడారనే అనిపిస్తుంది. వంటవాడి అద్దె ఇంటి సంగతి మాత్రం ఆయన ఓటుతో తేలలేదు. ఆ పని చేయాల్సింది పంచాయతీలే. స్థానికుల కోసం ఇళ్లను విడిగా కేటాయించే అధికారం వాటికి ఉంది. చాలా పంచాయతీలు తాత్సారం చేశాయి.

వెబర్ 2019 ఏప్రిల్‌లో 91 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆయన ఫౌండేషన్‌ను కూతురు వేరా నడుపుతున్నారు. 2024 అక్టోబర్ నుంచి చట్టాన్ని కొంత సడలించారు. పాత ఇళ్లను కూల్చి 30 శాతం దాకా పెంచి కట్టుకోవచ్చు. ఇరవై శాతం నిబంధన మాత్రం రాజ్యాంగంలో అలాగే ఉంది.