వంగదేశమున కఱ్ఱసాము, జుజుత్సు

1884లో వెలువడిన ‘దేవీ చౌధురాణి’ నవలలో బంకించంద్రుడు కథను నడుమ నిలిపి, లాఠీని సంబోధించి విలపించును. ఇంటిని, పంటను, పరువును కాచిన వెదురుకఱ్ఱకు కాలము చెల్లెనని ఆ విలాపము. అందు పరిహాసము లేకపోలేదు. అయినను వేదన నిజమైనది. ఆ నవలలోనే భవానీ పాఠకుడు కథానాయిక ప్రఫుల్లకు మల్లవిద్య నేర్పించును. ఆడుదానికి ఇది యెందులకని ఆమె సంకోచింపగా, దుర్బలమైన దేహము ఇంద్రియములను జయింపజాలదని ఆయన నచ్చజెప్పును. శత్రువును గెలుచుటకని మాత్రము చెప్పడు.

అప్పటికి లాఠీ జమీందారుల కూలి బంటుల చేతి పనిముట్టు. చదువుకొనిన భద్రలోకము దానిని ముట్టుట గౌరవముగా నెంచలేదు. 1841లో మెకాలే, వారన్ హేస్టింగ్సును గూర్చిన వ్యాసమున, వంగీయులను పిఱికివారని, దేహబలము లేనివారని యెగతాళి చేసెను. ఇంగ్లీషు చదివిన తరములకు ఆ మాట ముల్లువలె గ్రుచ్చుకొనుచునే యుండెను. 1878 నాటి ఆయుధశాసనము అనుమతి లేనిదే తుపాకి, కత్తి పట్టరాదనెను. వెదురుకఱ్ఱ మాత్రము ఆ శాసనమునకు చిక్కలేదు.

దానిని భద్రలోకపు ముంగిటికి తెచ్చినవారిలో ముఖ్యురాలు ఒక స్త్రీ. ఆమె రవీంద్రుని మేనకోడలు సరళాదేవి. ‘భారతి’ పత్రికా సంపాదకురాలుగా ఆమె పాఠకులను ఒక వింత కోరిక కోరెను. తెల్లవారు తమను గాని, తమ యింటి స్త్రీలను గాని అవమానించినపుడు న్యాయస్థానమునకు పోక, అక్కడికక్కడే ఎదిరించినవారు ఆ వృత్తాంతములను వ్రాసి పంపవలెను. విలాయతీ గ్రుద్దునకు దేశీ పిడికిలి అను అర్థము వచ్చు శీర్షికతో అవి పత్రికలో ప్రకటితములయ్యెను. వ్రాతతో ఆమె తృప్తి పడలేదు. ముర్తజా అను ఉస్తాదును నియమించి, తన యింటనే యువకులకు కఱ్ఱసాము, కత్తిసాము నేర్పించెను. 1903లో ప్రతాపాదిత్యుని పేర జరిపిన ఉత్సవమున ఆయుధవిద్యా ప్రదర్శనమే ప్రధానము. మొగలాయీలతో పోరిన రాజు ఉత్సవనాయకుడు. విద్య నేర్పిన గురువు ముస్లిము. ఈ కలయిక ఎవరికిని వింతగా తోచినట్లు లేదు. రవీంద్రునికి మాత్రము ఈ వీరపూజ రుచింపలేదు. ప్రతాపాదిత్యుని క్రూరునిగా చిత్రించిన నవలను ఆయన 1883లోనే ప్రకటించియుండెను.

ముర్తజా శిష్యుడే పులిన్ బిహారీ దాస్. 1906లో ఆయన ఢాకాలో స్థాపించిన అనుశీలన సమితి శాఖలో లాఠీ నిత్యవిధి యయ్యెను. 1909లో ప్రభుత్వము సమితిని నిషేధించెను. కఱ్ఱకు వర్తింపని శాసనము కఱ్ఱ పట్టినవారికి వర్తించెను.

కఱ్ఱసాములో దెబ్బకంటె అడుగు ముఖ్యము. ఎదిరిని కఱ్ఱ పొడవు దూరమున నిలుపగలిగినవాడు పలువురి నడుమనైనను కొంతసేపు నిలువగలడు. కాని నిజమైన కలహము చెప్పి రాదు. వచ్చినపుడు కఱ్ఱ చేతనుండదు. పైగా తొలినాటి ఈ శిక్షణలో స్త్రీ రక్షింపబడవలసినదే కాని, రక్షించుకొనునది కాదు. ప్రఫుల్ల నవలలోనే నిలిచిపోయెను. 1923లో ఢాకాలో లీలా నాగ్ దీపాలీ సంఘమును నెలకొల్పిన పిదపనే అచటి బాలికల చేతికి లాఠీ వచ్చెను.

కఱ్ఱ అవసరము లేని విద్య జపాను నుండి వచ్చినది. శాంతినికేతనమున 1905లోనే సానో జిన్నోసుకే జపాను భాషతోపాటు జుజుత్సు నేర్పెను. 1929లో రవీంద్రుని కోరికపై తకగాకి షింజో వచ్చెను. ఈయన జిగోరో కానో 1882లో స్థాపించిన కోదోకాన్ సంప్రదాయమువాడు. ఈ విద్యలో మొదటి పాఠము పడుట: దేహమునకు దెబ్బ తగులకుండ, అరచేతితో నేలను చఱచుచు పడుట. పడుటకు వెఱచువాడు పట్టుటకును వెఱచును. పిదప ఎదిరి తూకమును తప్పించుట. అతడు నెట్టిన లాగవలెను; లాగిన నెట్టవలెను. మణికట్టు పట్టినవానినుండి చేతిని వెనుకకు గుంజుట బలహీనుల కసాధ్యము. పట్టిన చేతి బొటనవ్రేలు, వ్రేళ్లు కలియుచోటికి మణికట్టును త్రిప్పిన పట్టు సడలును. బలము తక్కువవారికే ఎక్కువ పనికివచ్చు విద్య యిది. బాలురతోపాటు బాలికలును నేర్చిరి. ఆ ప్రదర్శనమునకై కవి ఒక పాటయే కట్టెను. భయసంకోచములు తన్ను తాను అవమానించుకొనుటయని దాని భావము.

కలకత్తా నగరపాలక సంస్థ తకగాకిని నియమించుకొనవలెనని రవీంద్రుడు చేసిన ప్రయత్నము ఫలింపలేదు. రెండేండ్ల గడువు తీరగనే ఆయన శాంతినికేతనము విడిచెను. ఆ ఆశ్రమమున ఈ విద్య నేర్చిన బాలికలలో క్షితిమోహన్ సేన్ కుమార్తె అమిత యొకతె. ఆమె కుమారుడే ఆర్థికశాస్త్రవేత్త అమర్త్య సేన్.