కీళ్ల వ్యాధి నిర్ధారణలో కాంట్రాస్ట్ సి.టి. స్కాన్

ఎక్స్‌రేలో ఎముక కనిపిస్తుంది గాని, దానిపై పొరగా ఉండే మృదులాస్థి కనిపించదు. అయోడిన్ కలిగిన కాంట్రాస్ట్ ద్రవాన్ని సూదితో కీలులోకి పంపి సి.టి. తీసినప్పుడు, మృదులాస్థి అరిగిన చోట ఆ ద్రవం చేరి లోపం స్పష్టమవుతుంది. ఎం.ఆర్.ఐ.కి వీలుకాని రోగులకు ఈ పరీక్ష ఎంతో ఉపయుక్తం. కీలు పొర వాపును పరిశీలించేందుకు ఇదే ద్రవాన్ని రక్తనాళం ద్వారా ఎక్కిస్తారు.

కీళ్లవాత రోగులు వారానికొకసారి వాడే మెథోట్రెక్సేట్‌కు గోదావరి డెల్టాతో అనుబంధం ఉంది. 1895లో భీమవరంలో జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వం వహించిన అమెరికాలోని లెడర్లే పరిశోధన బృందమే దానిని రూపొందించింది. తొలుత అది క్యాన్సర్ మందు కావడం గమనార్హం.

ఈ మందు ప్రధానంగా మూత్రపిండాల ద్వారానే బయటకు పోతుంది. రక్తనాళంలోకి ఎక్కించిన కాంట్రాస్ట్ ద్రవం కూడా అంతే. కావున దీనిని వాడుతున్నవారు స్కాన్‌కు ముందే ఆ విషయం వైద్యునికి తెలిపి, రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేయించుకోవలసి ఉంటుంది.