రైలు కట్టలు పోసిన తెలుగు చేతులు



ఒకనాడు ఏడవ తరగతిలో రైలు ప్రయాణం గురించిన పాఠం చెబుతూ, "మన బెంగళూరుకు రైలు మార్గం వేసినవారెవరు?" అని అడిగాను. "ఇంగ్లీషువారు" అని తరగతి అంతా ఒక్క గొంతుతో పలికింది. వెనుక బల్ల మీది బాలిక మాత్రం మెల్లగా, "మా తాతల తాతలు రైలు కట్టలు పోసేవారంట సార్" అన్నది. ఇంట్లో ఏ భాష మాట్లాడతారమ్మా అని అడిగితే, "ఒడ్డ మాట సార్, తెలుగు కాదు" అన్నది. ఆమె ఆ మాట చెప్పినది తెలుగులోనే! ఆ రోజు నేను చెప్పిన పాఠంలో ఆ పిల్ల పూర్వులకు గాని, ఆమె ఇంటి మాటకు గాని చోటు లేకపోయింది. ఆ లోటు తీర్చుకొనడానికే ఈ వ్యాసం.

దక్షిణ భారతంలో తొలి రైలు 1856 జూలై 1న మద్రాసు రాయపురం నుంచి ఆర్కాటు వైపు నడిచింది. 1864 ఆగస్టులో జోలార్‌పేట నుంచి బెంగళూరు కంటోన్మెంటుకు రైలు వచ్చింది. ఈ తేదీలు పుస్తకాలలో ఉన్నాయి. అయితే పట్టాలు పరచడానికి ముందు గుట్టలు తవ్వాలి, పల్లాలు పూడ్చాలి, కట్టలు పోయాలి, రాయి కొట్టాలి. ఆ పనిలో ఆరితేరినవారు వడ్డెరలు. కన్నడ సీమలో వీరిని ఒడ్డరు, భోవి అంటారు. ఆనాటి ఇంగ్లీషు అధికారులు "ఉడ్డర్లు" అని వ్రాసుకొన్నారు. పూర్వం ఓఢ్ర దేశం నుంచి వచ్చినవారు కనుక ఆ పేరు వచ్చిందని పెద్దలు చెబుతారు. వచ్చి తెలుగు నేర్చి, తెలుగువారై, మరల పని వెంట కన్నడ, తమిళ, మరాఠీ సీమలకు తరలిపోయారు. ఎక్కడికి పోయినా ఎన్నో కుటుంబాలు ఇంటి భాషగా తెలుగునే నిలుపుకొన్నాయి.

చెరువులు, బావులు, కోటగోడలు వీరి పాత పనులు. రైలు రాగానే ఆ నేర్పు కొత్త అవసరానికి అక్కరకు వచ్చింది. పశ్చిమ, దక్షిణ భారతాల రైలు మట్టిపనులలో వడ్డెర ముఠాలు ప్రధానమైనవి. కుటుంబం కుటుంబమే పనిలోకి దిగేది. మగవారు పలుగు, పార పట్టి తవ్వితే, ఆడవారు, పిల్లలు గంపలతో మట్టి మోసేవారు. పని ముగియగానే గుడిసెలు విప్పుకొని మరొక చోటికి సాగిపోయేవారు.

కూలి లెక్క ఎలా ఉండేదో మీ పిల్లలకు తప్పక చెప్పండి. కూలిని తవ్విన మట్టి కొలతను బట్టి ఇచ్చేవారు. గుంటలో అక్కడక్కడా కొంత నేలను తవ్వకుండా దిబ్బగా వదిలేవారు. ఆ దిబ్బ ఎత్తే గుంట లోతుకు గుర్తు. లెక్క తేలేదాకా వారి చెమటకు అదే సాక్షి.

ఆ కాలంలో రైలు పనుల పరిమాణం ఎంతటిదంటే, బొంబాయి, పూనాల మధ్య భోర్ కనుమ మార్గంలోనే 1861 జనవరిలో 42,000కు పైగా కూలీలున్నారు. కలరా వంటి జబ్బులకు ఎందరో బలియైనారు. మన బెంగళూరు–మైసూరు మార్గం 1876–78 నాటి ధాత కరువులో కరువు పనిగా మొదలై 1882లో పూర్తయింది. ఆకలికి తాళలేక పార పట్టిన రైతుల చెమట కూడా ఆ కట్టలో ఉంది. సముద్రం దాటినవారూ ఉన్నారు. 1860లో మద్రాసు నుంచి దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు ఒప్పందపు కూలీలు వెళ్లడం మొదలైంది. తరువాతి ఏళ్లలో తెలుగువారు, తమిళులు చెరకు తోటలలోనే కాక అక్కడి ప్రభుత్వ రైల్వేలోనూ పనిచేశారు.

ఇంతటి పని చేసినవారికి దక్కినదేమిటి? దేశాటనమే నేరమన్నట్లు, 1871లో వచ్చిన నేరస్థ జాతుల చట్టం కింద తరువాతి కాలంలో వడ్డెరలలోని కొన్ని శాఖలకు కూడా పుట్టుకతోనే నేరస్థులనే ముద్ర వేశారు. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత, 1952లో గాని ఆ చట్టం రద్దు కాలేదు. అమెరికాలో 1869లో పూర్తయిన ఖండాంతర రైలు మార్గానికి వేల మంది చైనా కూలీలు కొండలు తొలిచారు. అక్కడి కార్మికశాఖ వారిని తన గౌరవ మందిరంలో చేర్చి స్మరించినది 2014లో. మన కూలీల విషయంలో ఆ పని తరగతి గదిలోనైనా మొదలుకావద్దా?

అందుకు పెద్ద ఏర్పాట్లు అక్కరలేదు. ఇంటి పెద్దలను అడిగి పనిముట్ల పేర్లు తెలుసుకొని రమ్మని పిల్లలకు చెప్పండి. పలుగు, పార, గడ్డపార, సమ్మెట, ఉలి, గంప — ఇవన్నీ నల్లబల్ల మీద వ్రాయండి. ఏ పిల్లవాడైనా కన్నడం కలిసిన యాసతో ఒక మాట చెబితే, తప్పని తుడిచివేయకండి. దానిని కూడా వ్రాయండి.

గుంటలోని దిబ్బను లెక్క తేలకముందు తవ్వేస్తే, చేసిన పనికి సాక్ష్యం ఉండదు. ఆ బాలిక ఇంటి మాట కూడా అటువంటి సాక్షియే. ఆమె పెద్దల లెక్క ఇంకా తేలలేదు.