తవ్వి తెచ్చిన పువ్వు

మూడేళ్ళ క్రితం తొలకరి రోజుల్లో మా బడిలో ఐదో తరగతి పిల్లాడొకడు పాత డబ్బాలో ఒక మొక్క పట్టుకొచ్చాడు. వెదురు పొదల కింద తవ్వానన్నాడు. మడతలు మడతలుగా వెడల్పాటి ఆకులు, పక్కనుంచి లేచిన కాడ, కాడ చివర తల వంచుకుని వేలాడే తెల్లటి పూల గుత్తి. శాస్త్రం పుస్తకాల్లో దాన్ని జియోడోరం అంటారు. నేలలో పెరిగే ఆర్కిడ్ అది. వరండాలో పెట్టి రోజూ నీళ్ళు పొయ్యమని పిల్లలకు చెప్పింది నేనే. చలికాలంలో ఆకులు పండి ఎండిపోయినా పోయించాను. వేసవి సెలవుల్లో వాచ్‌మన్ చేత కూడా పోయించాను. మళ్ళీ జూన్ వచ్చింది, మొలక రాలేదు. డబ్బా బోర్లిస్తే దుంప కుళ్ళి ముద్దయిపోయి ఉంది.

తప్పు నాదే. తర్వాత ఈ మొక్కల గురించి చదవడం మొదలుపెట్టాక తెలిసింది, నాకంటే ముందు పెద్ద పెద్ద తోటల వాళ్ళు కూడా వంద ఏళ్ళకు పైగా వీటిని ఇలాగే చంపుకున్నారని. ఆ కథ మన పిల్లలకు చెప్పాల్సినదని అనిపించింది. ఎందుకంటే అందులో ఒక ముక్క మన కొండల పక్కనే జరిగింది.

విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండ్ డాక్టరు 1776లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగానికి మద్రాసు వచ్చాడు. 1780ల్లో సామర్లకోటలో కాపురం ఉన్నాడు. కంపెనీ కోసం మిరియం, నీలిమందు లాంటి పంటలు పెంచి చూస్తూనే, చుట్టుపక్కల నేలల్లో, కొండల్లో మొక్కలు సేకరించి, ఇక్కడి చిత్రకారుల చేత బొమ్మలు వేయించాడు. 1793లో కలకత్తా తోటకు వెళ్ళిపోయాడు. లండన్‌కు పంపిన ఆ బొమ్మలు 1795 నుంచి ‘కోరమాండల్ తీరపు మొక్కలు’ అనే అర్థం వచ్చే పేరుతో మూడు సంపుటాలుగా అచ్చయ్యాయి. మొత్తం 300 బొమ్మలు. మొదటి సంపుటంలోనే మన నేల ఆర్కిడ్లు నాలుగు వరసగా ఉన్నాయి. నేలకు అతుక్కున్న ఆకుల మధ్యనుంచి తెల్లగా పూసే హాబెనేరియా ఒకటి, ఆకుపచ్చ ఛాయ పూల యూలోఫియా ఒకటి, తల వంచుకునే జియోడోరం రకాలు రెండు. అప్పట్లో అతను పెట్టిన పేర్లు వేరు. మా బడికి డబ్బాలో వచ్చిన పువ్వు రెండు వందల ఏళ్ళ కిందటే లండన్‌లో అచ్చయిందంటే పిల్లలు ఓ పట్టాన నమ్మలేదు.

రాక్స్‌బర్గ్ చాలా మొక్కలకు తెలుగు పేర్లు కూడా రాసుకున్నాడు, అది మెచ్చుకోవాలి. కానీ ఆ నాలుగు మొక్కలు ఉన్న చోటికి దారి చూపిందెవరో వాటి పక్కన లేదు. వర్షం పడ్డాక రెండు మూడు నెలలే కనిపించి మాయమయ్యే మొక్క, అక్కడ తిరిగేవాళ్ళు చెప్పకుండా పైవాడికి దొరకదు. అంతకు వంద ఏళ్ళ ముందే ఇండోనేషియాలోని అంబోన్ దీవిలో రంఫియస్ అనే వృక్షశాస్త్రవేత్త వేరేలా చేశాడు. పెద్ద తెల్లటి నేల ఆర్కిడ్ ఒకదాన్ని తనకు మొదట చూపించింది తన భార్య సుసన్నా అని రాసి, ఆ పువ్వుకు ఆమె పేరే పెట్టాడు. ఆమె 1674 భూకంపంలో చనిపోయింది. ఆ పువ్వు శాస్త్రీయ నామంలో సుసన్నా పేరు ఈనాటికీ ఉంది.

సరే, పెంపకం సంగతికి వద్దాం. పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండు ధనవంతులకు ఆర్కిడ్ల పిచ్చి పట్టింది. అడవులు అడవులు ఒలిచి ఓడల్లో తెప్పించుకున్నారు. దారిలో చచ్చినవి చావగా మిగిలినవి అద్దాల గదుల్లో చచ్చాయి. గింజలు వేసి పెంచుదామంటే అవి దుమ్ములా ఉంటాయి. ఒక్కో కాయలో వేల గింజలు, చల్లితే ఒక్కటీ మొలవదు. కంది గింజలో మొలకకు కావలసిన తిండి ఉంటుంది. ఆర్కిడ్ గింజలో ఆ మూట ఉండదు. 1849లో డబ్లిన్ దగ్గర గ్లాస్నెవిన్ తోటలో డేవిడ్ మూర్ గింజల్ని తల్లి మొక్కలున్న కుండీల్లోనే చల్లి మొలిపించాడు. 1856లో జాన్ డొమినీ అనే తోటమాలి రెండు కలాంథేలను కలిపి పుట్టించిన మొక్క పూసింది. మనిషి చేతిలో పుట్టిన మొదటి సంకర ఆర్కిడ్ అది. కలాంథే కూడా నేల ఆర్కిడే. తల్లి కుండీలో ఎందుకు మొలుస్తుందో, వేరే కుండీలో ఎందుకు మొలవదో వాళ్ళిద్దరికీ తెలియదు.

తెలిసింది 1899 మే 3న. నోయెల్ బెర్నార్ అనే ఫ్రెంచి యువకుడు సైన్యంలో తప్పనిసరి కొలువు చేస్తున్నాడు. ఫాంటెన్‌బ్లో అడవి వైపు తిరుగుతుంటే, కిందటేడు పూసి పడిపోయిన ఒక నేల ఆర్కిడ్ కాడ రాలిన ఆకుల కింద పూడుకుపోయి కనిపించింది. దాని కాయల్లోనే గింజలు గుంపుగా మొలకెత్తి ఉన్నాయి. తెచ్చి సూక్ష్మదర్శిని కింద చూస్తే ప్రతి మొలకలోనూ బూజు దారాలు. మట్టిలోని ఆ బూజు గింజ లోపలికి వెళ్ళి దానికి తిండి అందిస్తోంది. బూజు లేకపోతే మొలక లేదు. మామూలుగా బూజు పడితే గింజ పాడైందంటాం, ఇక్కడ బూజు పట్టడమే గింజకు ప్రాణం. ఆ ఉత్సాహంలో బంగాళాదుంప ఊరడానికి కూడా బూజే కారణమని వాదించాడు, అది తప్పని తేలింది. బెర్నార్ ముప్పై ఆరేళ్ళకే 1911లో క్షయతో పోయాడు.

1922లో అమెరికాలో లూయిస్ నడ్సన్ బూజు చేసే పనిని చక్కెరతో చేయించాడు. గాజు గొట్టంలో చక్కెర, లవణాలు కలిపిన జిగురులో గింజలు మొలిచాయి. ఇప్పుడు పూల దుకాణాల్లో కనిపించే ఆర్కిడ్లకు దారి తీసింది అదే. కానీ చలి దేశాల నేల ఆర్కిడ్లు దానికి అంత తేలిగ్గా లొంగలేదు. వాటి విషయంలో స్వీడన్‌కు చెందిన స్వాంటే మాల్మ్‌గ్రెన్ అనే వైద్యుడి ఆలోచన నాకు బాగా నచ్చింది. ఆస్పత్రిలో రోగులకు నరం ద్వారా ఎక్కించే అమైనో ఆమ్లాల ద్రవాన్ని గింజలకు తిండిగా వాడాడు, అనాస రసం కలిపాడు. ఇంటి దగ్గర చేసుకోగలిగిన పద్ధతి అయింది.

తవ్వుకుపోతే ఏమవుతుందో ఇంగ్లండుకు ఒక పసుపు పువ్వు నేర్పింది. చెప్పు ఆకారంలో ఉంటుంది కనుక లేడీస్ స్లిప్పర్ అంటారు. తోటల కోసం ఎంత తవ్వారంటే 1917 నాటికి ఆ దేశంలో అంతరించిందనే అనుకున్నారు. 1930లో యార్క్‌షైర్‌లో ఒకే ఒక్క మొక్క కనిపించింది. ఉన్న చోటు రహస్యంగా ఉంచి, పూత రోజుల్లో కాపలా కాశారు. 1983లో క్యూ తోట వాళ్ళు గింజలతో మొక్కలు పెంచే పని మొదలుపెట్టారు. 1989 నుంచి అడవిలో నాటారు. అలా నాటినవాటిలో మొదటి పువ్వు 2000లో విచ్చింది. పీకడానికి ఒక్క నిమిషం చాలు, ఒక పువ్వు తిరిగి రావడానికి పదకొండేళ్ళు.

మన దగ్గర పూల కోసం తవ్వేవాళ్ళు తక్కువే. దుంప కోసం తవ్వేవాళ్ళున్నారు. మూలికల దుకాణాల్లో సాలం మిశ్రి అని అమ్మేది ఆర్కిడ్ దుంపే, యూలోఫియా దుంపలూ ఆ పేరుతో పోతాయి. సంతలో ఎవరైనా దుంపల ధర చెప్పి ఆశ పెడితే, అది మళ్ళీ వేసుకుని పండించుకునే కంద కాదని పిల్లలకు ముందే తెలిసి ఉండాలి. సైట్స్ అనే అంతర్జాతీయ ఒప్పందం కింద ఆర్కిడ్ కుటుంబం మొత్తానికి దేశాల మధ్య వ్యాపారంలో అదుపు ఉంది.

మరి ఇంట్లో పెంచుకోవడం ఎలా? చలి దేశాల పుస్తకాల్లో గట్టి మొక్క అంటే మంచుకు తట్టుకునేది. మనకు గట్టి మొక్క అంటే ఎండకు తట్టుకునేది. మన నేల ఆర్కిడ్లు ఎండను ఎదిరించవు, తప్పించుకుంటాయి. ఆకు రాల్చి, దుంపలోకి వెళ్ళి నిద్రపోతాయి. ఆ నిద్రలో నీళ్ళు పోస్తే కుళ్ళుతాయి. నా డబ్బాలో జరిగింది అదే.

నర్సరీల్లో గ్రౌండ్ ఆర్కిడ్ పేరుతో ఊదారంగు పూల స్పాథోగ్లాటిస్ అమ్ముతారు. మొదటిసారి పెంచేవాళ్ళకు అదే మేలు. ఎర్రమట్టి, ఇసుక, బాగా కుళ్ళిన ఆకుల ఎరువు కలిపి, అడుగున పెంకు ముక్కలు వేసి, నీరు నిలవకుండా చూడాలి. పొద్దుటి ఎండ చాలు, మధ్యాహ్నం నీడ కావాలి. దుబ్బు పెరిగాక వానలు మొదలయ్యేటప్పుడు రెండు మూడు గడ్డల చొప్పున విడదీసి పంచుకోవచ్చు. మా బడిలో ఒక కుండీ ఇప్పుడు నాలుగయింది.

అడవి రకాలు మీ పెరట్లోనో పోడు గట్టునో ఇప్పటికే ఉంటే అక్కడే ఉంచి, చుట్టూ రాళ్ళు పేర్చండి. నాగలి, మేక పడకుండా చూస్తే చాలు. కాయ ఎండి పగిలేదాకా కొయ్యకండి. పగిలే వేళకు ఆ దుమ్ము గింజల్ని తల్లి చుట్టూ ఆకుల మట్టి మీదే రాల్చండి. డేవిడ్ మూర్ కుండీలో చేసింది, వెదురు కింద రోజూ జరిగేది అదే. మొలకలు కంటికి కనిపించడానికి ఏళ్ళు పడుతుంది.

ఆ పిల్లాడు ఇప్పుడు ఎనిమిదిలో ఉన్నాడు. కిందటి వానాకాలం మేమంతా అతను తవ్విన చోటికి వెళ్ళాం. ఆ గొయ్యికి బారెడు దూరంలో ఇంకా ఏడు మొక్కలున్నాయి. ఏదీ ముట్టుకోలేదు. బడి నోటు పుస్తకంలో గళ్ళు గీసి చోటు, పూసిన నెల, మన భాషలో పేరు, తెలుగు పేరు, శాస్త్రం పేరు రాయమన్నాను. చివరి గడి పిల్లలే అడిగి గీయించుకున్నారు. దాని మీద ‘చూపించినవారు’ అని రాసి, కింద మొదటి పేరుగా ఆ పిల్లాడి అవ్వ పేరు రాశారు. ఆ వెదురు పొద వాడికి చూపించింది ఆవిడేనట.