ఒకే పాట - రెండు కాగితాలు

కుమ్హారిలో మా వెనక వీధిలో పెళ్ళి బ్యాండు వాళ్ళున్నారు. శ్రీకాకుళం వైపు నుంచి భిలాయి స్టీల్ ప్లాంటు పనికి వచ్చినవాళ్ళ మనవలు. మొన్న దసరాకి ఒక కుర్రాడు ఆల్టో, టెనర్ రెండు శాక్సోఫోన్లూ పట్టుకొచ్చి, "సుబేదార్ మావయ్యా, ఒకే కాగితం చూసి ఇద్దరం వాయిస్తే ఏడుపులా వస్తోందేంటి?" అన్నాడు. నవ్వొచ్చింది. ఆ తప్పు నేనూ చేశాను, అదీ యూనిఫారంలో.

శాక్సోఫోన్‌కీ సైన్యానికీ చుట్టరికం మొదటినుంచీ ఉంది. బెల్జియంలోని దినాన్‌లో 1814లో పుట్టిన అడాల్ఫ్ శాక్స్, పారిస్ చేరి 1846లో దీనికి పేటెంటు పొందాడు. అంతకు ముందు ఏడాది షాన్ ద మార్స్ మైదానంలో పాత పద్ధతి బ్యాండుకీ, ఆయన తయారుచేసిన వాయిద్యాల బ్యాండుకీ పోటీ పెడితే ఆయనదే పైచేయి అయింది. ఆర్కెస్ట్రా కోసం సి, ఎఫ్ శ్రుతుల్లో ఒక వరస, సైనిక బ్యాండ్ల కోసం బి ఫ్లాట్, ఇ ఫ్లాట్ శ్రుతుల్లో ఇంకో వరస తలపెట్టాడు. మొదటిది దాదాపు కనుమరుగైంది. ఫౌజు వరసే నిలిచింది. (ఈ మాట రాయడం నాకు కాస్త గర్వంగానే ఉంది.)

అన్నిటికీ వేళ్ళు పెట్టే పద్ధతి ఒకటే. కానీ కాగితం మీద 'సి' చూసి ఊదితే ఆల్టోలో ఇ ఫ్లాట్, టెనర్‌లో బి ఫ్లాట్ పలుకుతుంది. మన భాషలో వేలు అదే, 'స' వేరు. బ్యాండంతా ఇ ఫ్లాట్‌లో వాయించాలంటే ఆల్టోకి 'సి'లో, టెనర్‌కి 'ఎఫ్'లో విడిగా రాసివ్వాలి. ఈ లెక్క తిప్పలు రాసేవాడివి. కద్రి గోపాల్‌నాథ్ గారిలా (2019లో పోయారు) కచేరీ చేసేవారికి ఈ బాధ లేదు, పక్కవాద్యాలే ఆయన శ్రుతికి కలుపుకునేవి.

ఇంటర్ పాసై చేరిన నేను పచ్‌మఢీలో ఇదంతా నేర్చుకున్నాను. అయినా 1994 జనవరిలో, కరెంటు పోయిన రాత్రి పెట్రోమాక్స్ వెలుగులో కాపీలు రాస్తూ, టెనర్ వాళ్ళకి కూడా ఆల్టో పార్టే రాసేశాను. తెల్లారి ఫుల్ డ్రెస్ రిహార్సల్. జాతీయగీతం మొదలైంది. అందరూ సావధాన్‌లో ఉన్నారు. గీతం మధ్యలో ఆపడానికి లేదు. 52 సెకన్లు అంత పొడుగని ఆ రోజే తెలిసింది! రెండో పాదానికి నెల్లూరు హవల్దార్ అన్న కాగితం వదిలేసి జ్ఞాపకం మీద వాయించాడు, పక్కతను ఆయన్ని అందుకున్నాడు. ఆ తర్వాత కాగితం నా చేతికిచ్చి, "తమ్ముడూ, ముందు పైన వాయిద్యం పేరు రాసుకో" అన్నాడంతే. తిట్టినా బాగుండేది.

ఆ గీతానికి 1919 ఫిబ్రవరిలో మన మదనపల్లెలోనే, రవీంద్రుడు అక్కడ ఉండగా, మార్గరెట్ కజిన్స్ స్వరలిపి రాసిందని చాలా ఏళ్ళకి చదివాను. రాసేవాళ్ళ గురించి ఎవరూ తలుచుకోరు గానీ, వాళ్ళు లేకపోతే బ్యాండు లేదు.

కుర్రాడికి వాళ్ళ పెళ్ళిపాట రెండు కాగితాల మీద రాసిచ్చాను. ఒకదానిపైన ఆల్టో, ఇంకోదానిపైన టెనర్, రెండూ ఎర్ర సిరాతో.